తీర్పు చెప్పని రెండు పెట్టెలు

యంత్రానికి దండం పెట్టాలనిపించడం నా ఉద్యోగ జీవితంలో ఒక్కసారే జరిగింది. దసరా నాడు పసుపు కుంకుమ పెట్టి చేతులు జోడించడం లెక్కలోకి రాదు, అది అందరూ చేసేదే. నేను చెప్పేది మామూలు పనిరోజున, పట్టపగలు, చెమటలు కారుతుంటే, తెర మీద అక్షరాలు చూసి ఒళ్లు గగుర్పొడిచిన సంగతి.

మీలో చాలామంది ఇవాళ ఫోటో అయినా కాగితం అయినా ఎక్కడ దాస్తున్నారో తెలియకుండానే దాచుకుంటున్నారు. ఫోనులో నొక్కితే వస్తుంది, అంతే. అది ఒకచోట కాదు, రెండు మూడు చోట్ల ఉంటుందనీ, ఒకచోట చెడితే ఇంకోచోటి నుంచి తెచ్చుకుని తనను తాను బాగుచేసుకుంటుందనీ మీకు ఎవరూ చెప్పరు. అన్నం తినేవాడికి పొయ్యి సంగతి ఎందుకని కాబోలు. కానీ ఆ బాగుచేసుకునే పని ఒకసారి మొండికేసింది. దానివల్ల ఒక మనిషి దొంగ అనిపించుకునేదాకా వచ్చింది. అందుకే ఈ పొయ్యి సంగతి చెప్తున్నాను, ఓపిక పట్టండి.

నేను బొంబాయిలో ఒక చిన్న కంపెనీలో కంప్యూటర్లు బాగుచేసే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. పుట్టింది మాత్రం బొంబాయి దగ్గర్లోని భివండిలో. మా నాన్న కరీంనగర్ వైపు నుంచి వచ్చి సాంచాల మీద బతికాడు. సాంచా అంటే మావాళ్ల మాటలో మరమగ్గం. ఆ చప్పుడులో పెరిగినవాళ్లం కాబట్టి మా ఇంట్లో అందరం గట్టిగానే మాట్లాడతాం. పెళ్లయిన కొత్తలో నేను ప్రేమగా మాట్లాడినా మా ఆవిడ తిడుతున్నానని అనుకునేది. భివండి నుంచి ఏ ఫిర్యాదు వచ్చినా మా మేనేజరు తలెత్తకుండానే నా వైపు వేలు చూపించేవాడు. "మీ ఊరే కదా" అనేవాడు, అక్కడికి పోవడం నాకేదో పండగ అయినట్టు. భివండి రోడ్ స్టేషనుకు వచ్చే రైళ్లు తక్కువ. దొరికిన రైలు దిగి, అక్కడి నుంచి షేర్ ఆటోలో మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చుంటే కార్ఖానాలుండే నాగావ్ పేట చేరేసరికి సగం ఉద్యోగం అయిపోయినట్టుండేది.

ఇది రెండువేల దశకం చివరి మాట. నాగావ్‌లో ఒక తెలుగు సేటుకు ఒకే గల్లీలో రెండు కార్ఖానాలు ఉండేవి, ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి. భివండిలో నేసేది ఎక్కువగా సాదా గుడ్డే అయినా ఈయన జకార్డు చీరలు నేయించేవాడు. చీర మీద పువ్వు రావాలంటే ముందు కంప్యూటర్‌లో డిజైన్ గీయాలి, దాన్ని బట్టి అట్టలకు చిల్లులు కొట్టాలి, ఆ అట్టలను మగ్గం మీదికి ఎక్కించాలి. అంతకుముందు ఒక వానాకాలం కార్ఖానాలోకి నీళ్లొచ్చి డిజైన్లున్న కంప్యూటర్ మునిగిపోయింది. సేటు ఆ దెబ్బ మరిచిపోలేదు. అందుకని మా కంపెనీ ఆయనకు ఫైళ్లు దాచే రెండు కంప్యూటర్ పెట్టెలు అమర్చింది, ఒక్కో కార్ఖానాలో ఒక్కటి. ఒకటి మునిగినా రెండోది ఉంటుందని.

వాటి పనితీరు రెండు ముక్కల్లో చెప్తాను. డిజైన్ గదిలో ఫైలు దాచినప్పుడల్లా అది రెండు పెట్టెల్లోకీ ఒకేసారి చేరుతుంది. ఒక పెట్టె ఆగి ఉంటే రెండోది ఒక్కటే దాచుకుని, పక్కన ఒక గుర్తు పెట్టుకుంటుంది: నా జోడు లేనప్పుడు ఈ ఫైలు మారింది, దాని దగ్గరున్నది పాతది అని. ఆగిన పెట్టె లేచాక ఆ గుర్తు ప్రకారం కొత్తది తెచ్చుకుని తన పాతదాన్ని సరిచేసుకుంటుంది. ఎవరూ చెప్పనక్కర్లేదు, ఎవరూ మీట నొక్కనక్కర్లేదు. మేము దాన్ని సెల్ఫ్ హీల్ అనేవాళ్లం. మొదటిసారి సేటుకు చూపించినప్పుడు ఒక పెట్టె వైరు పీకేసి, డిజైన్ ఒకటి మార్చి, మళ్లీ వైరు పెట్టాను. కాసేపటికి ఆ పెట్టెలోనూ కొత్త డిజైన్ కనబడింది. సేటు నోరు తెరిచి, "తెగిన పోగు దానంతటదే అతుక్కున్నట్టు ఉందయ్యా" అన్నాడు. నాకూ గర్వంగానే అనిపించింది, ఏదో దాన్ని నేనే కనిపెట్టినట్టు.

డిజైన్లు గీసేది ఒక క్రైస్తవ తెలుగావిడ. నిజామాబాద్ వైపు కుటుంబం. గ్రాఫు కాగితం మీద రంగు పెన్సిళ్లతో మొదలుపెట్టి కంప్యూటర్ దాకా వచ్చిన మనిషి. కార్ఖానాలో అందరూ ఆమెను డిజైన్ అక్క అనేవాళ్లు, ఆమెకంటే పెద్దవాళ్లు కూడా. మొదటి కార్ఖానా పైన ఇనుప మెట్లెక్కితే ఆమె గది. కింద సాంచాల దడదడకు ఆ గది నేల ఎప్పుడూ వణుకుతూ ఉండేది, ఆమె గీత మాత్రం వణికేది కాదు. నన్ను అన్నా అనేది, నేను చెల్లె అనేవాణ్ని. కళ్లజోడు ముక్కు చివరికి జారినా ఎత్తుకోదు, తల ఎత్తి చూస్తుంది. ఆ చూపుకు నేనే కాదు, సేటు కూడా జంకేవాడు.

ఎండాకాలం మొదలయ్యాక ఫోన్లు మొదలయ్యాయి. ఫైలు తెరుచుకోవడం లేదని. అన్నీ కాదు. పాత డిజైన్లన్నీ భద్రంగా ఉన్నాయి. ఆమె ఆ వారం ఏది గీస్తోందో సరిగ్గా అదే తెరుచుకోదు. నేను వెళ్లి రెండు కార్ఖానాల మధ్య గల్లీ పైనుంచి వేసిన కేబుల్ చూశాను. దాని మీద ఎవరిదో లుంగీ ఆరేసి ఉంది. కేసు తేలిపోయిందనుకుని ఆ లుంగీ ఆసామితో పెద్ద గొడవ పెట్టుకుని, కొత్త కేబుల్ వేయించి, టీ తాగి వచ్చేశాను. రెండు రోజులకే మళ్లీ ఫోను. ఈసారి ఎలుకల మీద అనుమానపడ్డాను. ఎలుకలు కూడా నిర్దోషులని తేలింది.

మూడోసారి వెళ్లేసరికి కార్ఖానా గాలే మారిపోయి ఉంది. సేటు నన్ను పక్కకు పిలిచాడు.

"ఒక్క మాట అడుగుత, నిజం చెప్పాలె. ఫైలు దానంతటది కరాబు అయితదా, ఎవలన్న చేస్తే అయితదా?"

"ఎందుకు సేటూ?"

"పాతయి ఒక్కటి పోతలేవు. కొత్తయే పోతున్నయి. దొంగకు కావాల్సింది కొత్తయే గద. మొన్న బజార్ల ఒక దుకాణంల మన చింతాకు బార్డరే కనవడ్డది. అచ్చం గదే."

చింతాకు బార్డరు ఈ దేశంలో ఎవడైనా గీస్తాడు, దానికి దొంగతనం ఎందుకని అన్నాను. ఆయన వినే స్థితిలో లేడు. నాగావ్‌లో డిజైన్ దొంగతనమంటే మామూలు నేరం కాదు. ఒకడి చీర ఇంకొకడు ముందుగా బజారులో దించాడంటే ఇళ్ల మధ్య రాకపోకలు కూడా ఆగిపోతాయి. ఆయన ఆ మాట నాతోనే కాదు, అంతకుముందు రోజే షిఫ్టు మారేవేళ కార్ఖానా గుమ్మంలో, పనివాళ్లందరి ముందూ డిజైన్ అక్క మొహం మీదే అనేశాడట. బయటివాడికి డిజైన్ ఇచ్చి, ఇక్కడిది కావాలని పాడుచేస్తున్నావని. ఆ శనివారంలోగా సంగతి తేలకపోతే ఇక రావద్దని.

నేను పైకి వెళ్తే ఆమె తెర ముందు ఊరికే కూర్చుని ఉంది. ఏమీ గీయడం లేదు.

"చెల్లె, సేటు మాట పట్టించుకోకు" అన్నాను. ఇలాంటప్పుడు అనే పనికిరాని మాట.

"ఎట్ల పట్టించుకోకుండ ఉంట అన్నా? నేను మెట్లు దిగుతుంటే సాంచాల కాడ పిల్లలు గూడ తల దించుకుంటున్నరు. మా చర్చిల తెలిస్తే నా బతుకేంది?" అని, గొంతు తగ్గించింది. "ఇంకోటి ఉన్నది. ఎవ్వలికి చెప్పలే. నవ్వుతరని చెప్పలే."

చెప్పమన్నాను.

"నాకు మతి పోతున్నట్టుంది అన్నా. పొద్దుగాల కొంగు మీద ఒక పువ్వు గీస్త. దాస్త. నా చేత్తోని దాస్త. లైటు పోయి వచ్చినంక తెరిస్తే ఆ పువ్వు ఉండదు. నేనే దాయలేదేమో అనుకుని మల్ల గీస్త. జరసేపటికి మొత్తం ఫైలే తెరుసుకోదు. మా అమ్మకు గూడ గీ వయసులనే మతిమరుపు మొదలైంది."

ఆమె భయం దొంగ అన్న మాట గురించి ఒక్కటే కాదని అప్పుడు నాకు తెలిసింది. సేటు అనుమానిస్తున్నది ఆమె నిజాయితీని. ఆమె అనుమానిస్తున్నది తన బుర్రను. ఆ రెండో అనుమానమే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

మా ఆఫీసులో ఒక మరాఠీ అమ్మాయి ఉండేది, నా కూతురి వయసు. ఆ పెట్టెల లోపలి వ్యవహారం మా అందరికంటే ఆమెకే బాగా తెలుసు. నేను ఫ్లాపీల కాలం మనిషిని, పెట్టె మూత తీసి దుమ్ము ఊదితే సగం రోగం పోతుందని నమ్మేవాణ్ని. ఆమెకు ఫోన్ చేసి, తెర మీద కనబడే గుర్తులన్నీ ఒక్కొక్కటే చదివి వినిపించాను. ఆమె మొదటి పెట్టెవి రాసుకుంది. రెండో పెట్టెవి రాసుకుంది.

"సర్, దోనో ఏక్ దూస్‌రే పర్ ఇల్జామ్ లగా రహే హై" అంది.

ఒకదాని మీద ఒకటి నేరం మోపుతున్నాయట. మొదటి పెట్టె తన గుర్తుల్లో, రెండోదాని దగ్గరున్నది పాతది అంటోంది. రెండోది, కాదు మొదటిదాని దగ్గరున్నదే పాతది అంటోంది. రెండూ నిజమే చెప్తున్నాయి. ఏది బాగున్నదో, ఏది బాగుచేయాల్సిందో తేలదు కాబట్టి బాగుచేయడం ఆపేశాయి. తప్పుడు ఫైలు ఇవ్వడం కంటే అసలు ఇవ్వకపోవడం మేలని తలుపు మూసేసుకున్నాయి.

సంగతి వినగానే మా మేనేజరు ఆ అమ్మాయి చేతిలోంచి ఫోన్ లాక్కుని, రెండు పెట్టెలూ తుడిచేసి కొత్తగా మొదలుపెట్టి రమ్మన్నాడు. అలా చేస్తే మా కంపెనీ పని సాయంత్రానికి అయిపోతుంది. చెల్లె సంగతి కూడా దానితోపాటే అయిపోతుంది. ఏం జరిగిందో చెప్పగల సాక్షులు ఆ రెండు పెట్టెలే. "హలో, హలో, సరిగా వినబడడం లేదు సార్" అన్నాను. సాంచాల చప్పుడు మొదటిసారి నాకు పనికొచ్చింది.

ఇక మిగిలిన ప్రశ్న ఒక్కటే. రెండు పెట్టెలూ వేరువేరు వేళల్లో ఒంటరిగా ఉంటేనే ఇలా జరుగుతుంది. ఎప్పుడు ఉంటున్నాయి? చెల్లె మాటల్లో నాకు గట్టిగా తగులుకున్నది "లైటు పోయి వచ్చినంక" అన్న ముక్క. ఎండలు ముదిరాక లోడ్ షెడ్డింగ్ వేళలు మారాయి. అంతకుముందు కరెంటు తెల్లవారుజామున పోయేది, డిజైన్ గదికి తాళం ఉన్నప్పుడు. ఇప్పుడు పగటిపూట, ఆమె పని మధ్యలో పోతోంది. ఆమె కంప్యూటర్ ఇన్వర్టర్ మీద నడుస్తూనే ఉంటుంది. పెట్టెలకున్న బ్యాటరీ మాత్రం చిన్నది, అందుకని కరెంటు పోగానే వాటిని పద్ధతిగా ఆపాలని మేమే చెప్పి ఉన్నాం. ఆ పని జాబర్‌కు అప్పగించారు. జాబర్ అంటే సాంచాలకు డాక్టరు లాంటివాడు, రెండు కార్ఖానాల్లో ఏ సాంచా దగ్గినా ఇతనే పరిగెత్తాలి.

మర్నాడు కరెంటు పోయే వేళకు నేను అతని వెనకాలే నిలబడ్డాను. దీపాలు పోయాయి, చప్పుడు ఒక్కసారిగా కూలిపోయింది. జాబర్ ముందుగా ఈ కార్ఖానాలోని పెట్టె ఆపాడు. తర్వాత సాంచాల లైన్లన్నింటికీ స్విచ్చులు దించాడు, ఒక తెగిన పటకా, అదే సాంచాను తిప్పే బెల్టు, చూశాడు, ఇద్దరి గొడవ తీర్చాడు, గల్లీలోకి నడిచాడు, దారిలో నిలబడి టీ తాగాడు, నాకూ తాగించాడు. అప్పుడు ఆ చివరి కార్ఖానాకు వెళ్లి రెండో పెట్టె ఆపాడు. ఈ నడక అంతసేపూ పైన చెల్లె పువ్వు గీస్తూనే ఉంది, ఆ పువ్వు రెండో పెట్టెలోకి మాత్రమే పోతోంది. తర్వాత అదీ ఆగాక ఆమె ఫైలు మూసి భోజనానికి వెళ్లింది.

కరెంటు వచ్చింది. జాబర్ ఉత్సాహంగా వచ్చి మొదటి పెట్టె నొక్కాడు. సాంచాలు ఒక్కో లైనే వేసుకుంటూ పోయాడు, అన్నీ ఒకేసారి వేస్తే ఫ్యూజు ఎగిరిపోతుంది. పైన చెల్లె ఫైలు తెరిచింది. ఇప్పుడు లేచి ఉన్నది మొదటి పెట్టె ఒక్కటే, దానికి ఆ పువ్వు సంగతే తెలియదు. ఆమె మళ్లీ గీసింది. ఈ పువ్వు మొదటి పెట్టెలోకి మాత్రమే పోయింది. ఆ తర్వాత తీరిగ్గా ఆ చివరికి వెళ్లి జాబర్ రెండోది లేపాడు. రెండూ కళ్లు తెరిచి ఒకదాన్నొకటి చూసుకుని, నీదే పాతదంటే నీదే పాతదని మొండికేశాయి.

నాకు అరికాలి నుంచి ఒళ్లు జలదరించింది. ఆ గుర్తులు చెప్పినట్టే, అక్షరం పొల్లుపోకుండా, నా కళ్ల ముందు జరిగింది.

"ముందు ఆ మొదటి పెట్టెనే ఎందుకు లేపినవ్?" అని అడిగాను.

జాబర్ నా వైపు వింతగా చూశాడు. "ముందుగాల ఆగింది గదే కద సారూ. ముందు ఆగినోనికి ముందు ఇయ్యాలె. లేకుంటే అన్యాయమైతది."

"ఎవరికి అన్యాయం?"

"నేసెటోనికి. మీటర్ల లెక్కన కదా వానికి పైసలు. ముందు ఏ లైను ఆగితే ఆ లైను ముందు నడవాలె. లేకుంటే గా లైనోనికి రెండు దిక్కుల నష్టం. ఈ కార్ఖానల ఇన్నేండ్ల సంది నా మీద ఒక్కడు గూడ వేలు ఎత్తలే."

అది నిజమే. మా నాన్న పనిచేసిన కార్ఖానాలోనూ అదే పద్ధతి. ముందు ఆగినవాడు ముందు. ఆ వంతు తప్పిన జాబర్‌ను పనివాళ్లు బతకనివ్వరు. ఇతను ఆ న్యాయాన్నే పెట్టెలకు కూడా పాటించాడు, ఎవరూ అడగకపోయినా. వాటికేమో దానికి తలకిందులు కావాలి. ఆఖరున ఆగినదాని దగ్గరే అన్నింటికంటే తాజా సంగతి ఉంటుంది, అదే ముందు లేవాలి. ఈ ముక్క మేమెవరమూ అతనికి చెప్పలేదు. చెప్పాలని మా కంపెనీలో ఎవరికీ తట్టలేదు, ఎందుకంటే మగ్గాల వంతు సంగతి మా పుస్తకాల్లో ఎక్కడా లేదు.

విడమరిచి చెప్పాను. అతనికి మొదట నవ్వొచ్చింది. తర్వాత సంగతి ఎక్కడికి పోతుందో అర్థమై మొహం పాలిపోయింది.

"అంటే... అక్క మీద పడ్డ మాట నా చేతులకెల్లి వచ్చిందా సారూ?"

"నీ చేతుల్లోంచి కాదు, మా అందరి చేతుల్లోంచి" అన్నాను. అతను వినలేదు. తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి, దాంతో మొహం తుడుచుకున్నాడు.

సేటును, జాబర్‌ను పైకి పిలిచాను. ఫోన్లో మరాఠీ అమ్మాయి. చెల్లె తన కుర్చీలో. తెరుచుకోని ఫైలు తాలూకు రెండు కాపీలను, ఒక్కో పెట్టె లోపలికి వెళ్లి విడిగా బయటికి తెచ్చి, తెర మీద పక్కపక్కనే పెట్టాను.

రెండు కొంగులు. రెండింటి మీదా అదే చోట అదే పువ్వు. కానీ చేత్తో రెండుసార్లు గీసింది కదా, ఒకదాని రేకు కాస్త విచ్చుకుని ఉంది, రెండోదానిది కాస్త ముడుచుకుని ఉంది.

చెల్లె కళ్లజోడు పైకి తోసుకుంది, నేను చూడగా మొదటిసారి. తెర దగ్గరికి వంగి, వేలితో తాకకుండా, ఎడమవైపు పువ్వును చూపించింది.

"గిది పొద్దుగాలది. నేను గీసిన. నేను దాసిన." నా వైపు తిరిగింది. "నాకు మతి పోలే అన్నా."

నేను ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎన్నో పోయిన ఫైళ్లు తెచ్చిచ్చాను. లెక్కలు, ఫోటోలు, ఒకాయన పెళ్లి పిలుపుల జాబితా. ఎవరికైనా వాళ్ల బుద్ధిని తెచ్చిచ్చింది మాత్రం ఆ రోజే. తెచ్చిచ్చింది నేను కూడా కాదు. ఆ రెండు పెట్టెలు ఇన్ని రోజులూ దేన్నీ పారేయకుండా, దేన్నీ చెరపకుండా, మాకు తెలియదు, తెలిసినవాళ్లు వచ్చి చెప్పండి అని పట్టుకుని కూర్చున్నాయి. ఊహించి ఒకటి ఉంచి ఒకటి తీసేయడం వాటికి ఎంతసేపు? అలా చేసి ఉంటే ఫైలు తెరుచుకునేది, ఎవరికీ ఏ ఫిర్యాదూ ఉండేది కాదు, పొద్దుటి పువ్వు ఎప్పటికీ దొరికేది కాదు. ఆమె తన బుర్ర చెడిపోయిందనే నమ్ముతూ బతికేది. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు చేతుల మీద వెంట్రుకలు లేస్తాయి. తెలియనప్పుడు తెలియదని ఆగిపోయే గుణాన్ని ఎవరో ఎక్కడో కూర్చుని ఓపిగ్గా ఆ పెట్టెలకు నేర్పారు. వాళ్లెవరో నాకు తెలియదు, భివండి పేరు వాళ్లు విని కూడా ఉండరు.

"ఏదో ఒకటి తప్పని మనం చెప్పాలి చెల్లె. చెప్తే మిగతాది అవే చూసుకుంటాయి. ఏది ఉంచమంటావ్?"

ఆమె రెండు పువ్వులనూ చూసింది. "పొద్దుగాలదే. రెండోది భయంతోని గీసిన, రేకు ముడుసుకున్నది చూడుండ్రి."

ఫోన్లో అమ్మాయి చెప్పిన ప్రకారం మొదటి పెట్టెలోని కాపీ మీద గుర్తు మార్చాను. అలాగే చిక్కుపడ్డ మిగతా ఫైళ్లూ ఒక్కొక్కటే తెరిచి చూపించడం, ఆమె చెప్పడం, నేను గుర్తు మార్చడం. కొన్నిచోట్ల రెండూ ఉంచమంది, రెండోదాన్ని వేరే పేరుతో పక్కన పెట్టాం. సాయంత్రం నీడలు పడేవేళకు నేను చేతులు వెనక్కి తీసేసుకున్నాను. ఇక మేం చేసేదేమీ లేదు. తెర మీద బాగుపడాల్సిన ఫైళ్ల పేర్ల వరుస ఉంది. చూస్తుండగా అందులోంచి ఒక పేరు పోయింది. ఇంకొకటి. తర్వాత గబగబా నాలుగైదు. ఎవరూ ఏమీ నొక్కడం లేదు. గల్లీ మీది ఆ కేబుల్ గుండా, ఎవరి లుంగీ కిందినుంచో, ఒక పెట్టె తన దగ్గరున్న మంచిదాన్ని రెండోదానికి ఇస్తోంది. అది మారుమాట్లాడకుండా తీసుకుంటోంది. ఇందాకటిదాకా నీదే తప్పని వాదులాడిన పెట్టెలు. చివరి పేరు కూడా పోయి తెర ఖాళీ అయినప్పుడు జాబర్ మెల్లగా రెండు చేతులూ జోడించాడు. నేను కూడా జోడించాను. సిగ్గుపడలేదు.

చెల్లె ఫైలు నొక్కింది. తెరుచుకుంది. రేకు విచ్చుకున్న పువ్వు.

సేటు గొంతు సవరించుకున్నాడు. "సరే బిడ్డా, మంచిగైంది. రేపటి సంది ఎప్పటిలెక్కనే రా."

ఆమె తల ఎత్తి, కళ్లజోడు లోంచి ఆయన్ని చూసింది.

"వస్త సేటూ. కానీ మీరు నన్ను దొంగ అన్నది గీ గదిల గాదు. కింద, అందరి ముందు అన్నరు."

సేటు పెద్ద మనిషి. ఆ ఊళ్లో నలుగురి పంచాయితీలు తీర్చేవాడు. మెట్ల వైపు చూశాడు, జాబర్ వైపు చూశాడు, నా వైపు చూశాడు. నేను తెర మీది పువ్వు వైపు చూశాను, అందులో కొత్తగా చూసేదేమీ లేదని తెలిసినా. తర్వాత ఆయన లేచి, ఇనుప మెట్లు ఒక్కొక్కటే దిగాడు. మేమూ దిగాం.

కింద అన్ని సాంచాలూ నడుస్తున్నాయి. ఆ చప్పుడులో మనిషి చెవిలో నోరు పెట్టి అరిచినా సగమే వినబడుతుంది. సేటు మధ్యలో నిలబడి ఏదో చెప్పబోయి, ఆగిపోయి, జాబర్‌కు చేత్తో సైగ చేశాడు. జాబర్‌కు నమ్మకం కుదరలేదు. సేటు మళ్లీ సైగ చేశాడు, ఈసారి కోపంగా. జాబర్ వెళ్లి మెయిన్ స్విచ్చు దించాడు.

కరెంటు ఉంది, పండగ కాదు, ఎవరూ పోలేదు, అయినా భివండిలో ఒక కార్ఖానాలోని సాంచాలన్నీ ఆగిపోవడం నేను చూసింది అదొక్కసారే. నేసేవాళ్లు చేతులు అలాగే పెట్టుకుని మా వైపు తిరిగారు. వాళ్లలో ఎక్కువమంది ఉత్తరాదివాళ్లు, అందుకని సేటు ముందు హిందీలో అన్నాడు.

"డిజైన్ కిసీనే నహీ చురాయా. బాయీ కీ కోయీ గల్తీ నహీ. గల్తీ మేరీ థీ."

డిజైన్ ఎవరూ దొంగిలించలేదని, ఆమె తప్పేమీ లేదని, తప్పు తనదేనని. తర్వాత చెల్లె వైపు తిరిగి తెలుగులో అదే మాట అనబోయాడు. "బిడ్డా, నేను..." అన్నాడు. మిగతాది రాలేదు.

"చాలు సేటూ" అందామె. చీర కొంగుతో కళ్లజోడు తుడుచుకుని పెట్టుకుంది. "ఇగ నడిపియ్యుండ్రి, పని ఆగుతది."

ఆమె వెనక్కి తిరిగి మెట్లెక్కడం మొదలుపెట్టింది. జాబర్ చెయ్యి స్విచ్చు మీదే ఉంది. ఆమె చివరి మెట్టు ఎక్కి, గదిలోకి వెళ్లి, కుర్చీ జరుపుకున్న చప్పుడు కింద మా అందరికీ స్పష్టంగా వినబడేదాకా అతను దాన్ని పైకి వెయ్యలేదు.